క్యాంపర్ కప్పు ఒక మూల ఎత్తు తగ్గింది, రాత్రికి కిందికి దిగుతోంది. పంపు మార్చాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. పోయిన చలికాలంలో పాత పాప్-అప్ క్యాంపర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, కప్పు పైకి లేచే చిన్న గదిలాంటి బండి) కొన్నాం. కప్పు గట్టిది. బటన్ నొక్కితే 12 వోల్టుల మోటారుతో హైడ్రాలిక్ పంపు తిరుగుతుంది, ఒక సిలిండర్ నాలుగు మూలలకు వెళ్లే నాలుగు ఉక్కు కేబుళ్లను లాగుతుంది, కప్పు లేస్తుంది. ఇప్పుడు రెండు ఇబ్బందులు. వెనక కుడి మూల మిగతా మూడింటికంటే రెండంగుళాలు కిందే ఆగిపోతోంది. పైగా రాత్రి పూర్తిగా ఎత్తి వదిలేస్తే తెల్లారేసరికి కప్పంతా మూడంగుళాలు దిగుతోంది, తలుపు ఇరుక్కుంటోంది. ఇక్కడి మెకానిక్ విప్పి చూడకుండానే పంపు మొత్తం మార్చాలన్నాడు. వచ్చే నెల ఇక్కడి హాకింగ్ హిల్స్ కొండలకు క్యాంపింగ్‌కి వెళ్లాలి. లోపల పిల్లలు పడుకుంటారు కాబట్టి టెన్షన్‌గా ఉంది.

జవాబు:

పంపు ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. ఉన్నది ఒకటే సిలిండర్ కాబట్టి ఆయిల్ వల్ల ఒక్క మూల మాత్రమే తగ్గదు. ఆ మూల కేబుల్ సాగి ఉంటుంది, లేదా పుల్లీ పట్టేసి ఉంటుంది. నాలుగు మూలలూ కలిసి దిగడం మాత్రం హైడ్రాలిక్ వైపు సమస్య. పంపు ఆగాక ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే వాల్వ్ సరిగా మూసుకోకపోయినా, కప్పు దింపే వాల్వ్ కొంచెం కారుతున్నా, సిలిండర్ సీల్ అరిగినా ఇలాగే అవుతుంది. పగటి ఎండకు వేడెక్కిన ఆయిల్ రాత్రి చల్లబడి కుంచించుకుంటే కాస్త దిగడం మామూలే గానీ, మూడంగుళాలు మామూలు కాదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. మా ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కు హైడ్రాలిక్‌తో లేపినప్పుడు కింద దుంగ ఆనించకుండా ఎవరినీ తల పెట్టనిచ్చేవారు కాదు. మీ కప్పుకీ అదే పద్ధతి. టూ-బై-ఫోర్ కర్రలు (ఇక్కడ ఇళ్ల కట్టుబడికి వాడే మందపాటి చెక్కలు) ఎత్తుకు సరిగ్గా కోసి నాలుగు మూలలా నిలబెట్టాకే చెయ్యి పెట్టండి. రిపేరు అయ్యాక కూడా పిల్లలు పడుకునేటప్పుడు ఆ కర్రలు ఉండాల్సిందే. ఆయిల్ పట్టి నిలబెట్టిన బరువును నమ్మకూడదు.

క్యాంపర్‌ను చదునైన చోట ఆపి లెవెల్ చూసుకోండి. బండే వంకరగా ఉంటే కొలతలన్నీ తప్పుతాయి. కప్పు మీద ఆకులు, నిలిచిన నీళ్లు ఉంటే తీసేయండి. టేపుతో నాలుగు మూలల ఎత్తు కొలిచి రాసుకోండి. తర్వాత కేబుల్ పొడుగునా టార్చి వేసి చూడండి, ముఖ్యంగా పుల్లీ మీద వంగే చోట. ఒక్క పోగు తెగి కనిపించినా బిగించడం మానేసి కేబుల్ మార్చేయండి. బట్టచేత్తో తడమకండి, తెగిన పోగులు సూదుల్లా గుచ్చుకుంటాయి. మందపాటి తోలు గ్లౌజులు వేసుకోండి.

కేబుల్ బాగుంటేనే సర్దుబాటు. కప్పు బరువు కర్రల మీదికి దించి, సర్దే బోల్టు మీద పెయింటుతో గుర్తు పెట్టండి. కేబుల్ చివరి కడ్డీని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, ఇంకో స్పానర్‌తో నట్టు అర చుట్టు మాత్రమే తిప్పండి. కడ్డీ తిరిగితే కేబుల్ మెలి పడి పాడవుతుంది. కప్పు ఒకసారి దింపి, ఎత్తి, మళ్లీ కొలవండి. ఇలా ఓపిగ్గా నాలుగైదు సార్లు. ఒకేసారి బిగిస్తే కప్పు మెలితిరిగి మూలల్లో కీళ్లు విరుస్తుంది. అయ్యాక, నట్టు వదులవకుండా ఆపే లాక్‌నట్ బిగించడం మర్చిపోవద్దు.

ఇంకొకరి జవాబు:

అన్నగారు చెప్పినదానికి తోడు, ఆయిల్ మట్టం కప్పు పూర్తిగా కిందికి దించాకే చూడండి. పైన ఉన్నప్పుడు ఆయిల్ సిలిండర్‌లో ఉంటుంది. అప్పుడు ట్యాంకు నింపితే దించేటప్పుడు పొంగిపోతుంది. మాన్యువల్‌లో రాసిన ఆయిలే వాడండి. బ్రేక్ ఆయిల్ మాత్రం పొయ్యొద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. లీకు ఎక్కడో వెతకాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడండి, వేలితో కాదు. సన్నని రంధ్రం నుంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, అలా దూరితే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు. ఎత్తేటప్పుడు మోటారు మూలుగుతోంది కూడా. అది పంపు లోపమేనా?

మొదటి జవాబిచ్చినవారు:

ముందు బ్యాటరీ చూడండి. నిండా చార్జి అయి, కాసేపు ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కి పట్టినప్పుడు పంపు టెర్మినళ్ల దగ్గర కూడా కొలవండి. బ్యాటరీ దగ్గర బాగుండి పంపు దగ్గర బాగా పడిపోతుంటే లోపం వైర్లలోనే. ముఖ్యంగా ఎర్త్ వైరు తుప్పు. గీకి శుభ్రం చేసి బిగించండి.

బయట లీకు లేదంటే నా అనుమానం దింపే వాల్వ్ మీద. ప్రెషర్ అంతా వదిలేసి, అంటే కప్పు పూర్తిగా దించాక, వాల్వ్ విప్పి చూడండి. చిన్న నలుసు అడ్డుపడినా సరిగా మూసుకోదు.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తర్వాత):

వాల్వ్ మూసుకునే చోట నల్లటి రబ్బరు తునక దొరికింది. తుడిచి కొత్త ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) వేశాం, పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశాం. ఎర్త్ వైరు గీకాక మోటారు మూలుగు పోయింది. వెనక కుడి కేబుల్‌కు పుల్లీ దగ్గర మూడు పోగులు తెగి ఉన్నాయి. వయసు ఒకటే కదా అని నాలుగూ మార్చేశాం. నిన్న రాత్రి కర్రలకు పైన రెండంగుళాలు ఖాళీ ఉంచి పరీక్షించాను. పొద్దున చూస్తే పావు అంగుళం దిగింది. మూలల మధ్య తేడా కూడా అంతే. కర్రలకు ఎర్ర రంగు వేసి, ఏ మూలది ఏదో నంబర్లు రాసి మంచం కింద పెట్టుకున్నాం. కొత్త కేబుళ్లు కొంచెం సాగుతాయంటున్నారు కాబట్టి హాకింగ్ హిల్స్ నుంచి రాగానే మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.