బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేసి ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, ఎదురుగా ఉన్న చోటు మీద లేని బొమ్మని ఫోన్‌లో నిలబెట్టి చూపించడం) మీద పీహెచ్‌డీ... ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉన్నారా?

బెజవాడ_గీతలు:
బీఆర్క్ అయ్యి రెండేళ్ళు, ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసుకుంటున్నా. కాలేజీలో ఉండగా కంప్యూటర్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లో రాసిన వ్యాసం చదివా, కంప్యూటర్ అనేది గోడల్లో బల్లల్లో కలిసిపోయి అసలు ఉన్నట్టే తెలీకూడదు అంటాడు, అప్పట్నించీ అదే పిచ్చి పట్టుకుంది. ఏఆర్ మీద పీహెచ్‌డీ అని అడిగితే ఆర్కిటెక్చర్ వాళ్ళు ఇది కంప్యూటర్స్ సబ్జెక్ట్ అంటారు, సీఎస్ వాళ్ళేమో నీకు కోడింగ్ ఏం వచ్చు అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయా.

ఓరుగల్లు_పిల్ల:
నాది ఉల్టా కథ తమ్మీ, సీఎస్ నుంచి డిజైన్‌కి పోయిన. పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తుంది. వరంగల్ ఖిల్లాల నాలుగు తోరణాల నడుమ గుడి ఇప్పుడు లేదు గద, ఫోన్ పట్టుకుంటే ఆ గుడి ఆడ్నే నిలబడ్డట్టు కనపడాలె, ఇదీ నా పని. ల్యాబ్‌ల మస్తు నడిచింది. మే నెల్ల ఖిల్లకు పోతే పావుగంటల ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకైంది, ఎండకు గుడి కాదు గదా నా మొకమే నాకు కనపడుతుంది. ఖుల్లా జాగల గూడ జీపీఎస్ అయిదు మీటర్ల దాకా అటిటు చూపిస్తది, అయిదు మీటర్లంటే గుడి స్తంభం పోయి తోరణం మీద ఎక్కి కూసుంటది. ఇగ కెమెరాతోని జాగను గుర్తువట్టే పద్ధతికి మారిన, దానికేమో పొద్దుగాల నీడలు ఒక తీరు మాపటికి ఇంకో తీరు, అది తికమక పడుతది. ఆర్నెల్లు గిట్లనే పోయినయ్. ఆడ పల్లికాయలమ్మే అవ్వ "గుడి ఎట్లుండెనో నన్నడుగు బిడ్డా, ఫోన్‌ల ఏం జూస్తవ్" అన్నది, ఆమె చెప్పింది గూడ థీసిస్‌ల రాసుకున్న.

చలి_దేశం:
నేను ఫిన్లాండ్‌లో ఊలు అనే ఊళ్ళో ఉన్నానండి. ఇక్కడ యూనివర్సిటీ వాళ్ళు 2009లోనే ఊరి నడిబొడ్డున పెద్ద టచ్ స్క్రీన్లు పెట్టి, జనం వాటితో ఏం చేస్తారా అని వీధిలోనే రీసెర్చ్ చేశారు. అలాంటి పనులు ఇష్టమైతే బాగుంటుంది. కానీ రీసెర్చ్ కాంట్రాక్ట్ అయిపోయే ఏడాది నిద్ర పట్టదు. ఒక సలహా, ఏదో ఒక కంపెనీ డబ్బాని నమ్ముకుని థీసిస్ మొదలెట్టొద్దు. గదిని త్రీడీలో చూసే గూగుల్ టాంగో మీద మావాడొకడు మూడేళ్ళ పని పెట్టుకున్నాడు, 2018లో దాన్ని మూసేశారు, వాడు మళ్ళీ మొదట్నించి రాసుకున్నాడు పాపం.

లెక్కల_మాస్టారు:
అన్నీ బాగున్నాయి, ఉద్యోగం సంగతేంటి? ఇల్లు ఎలా గడవాలి?

ఓరుగల్లు_పిల్ల:
నెట్ పరీక్షతోని వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉంటే నెలకు 37 వేలు సార్, రెండేళ్ళయ్యాక సీనియర్ ఫెలోషిప్, ఎస్‌ఆర్‌ఎఫ్ వస్తే 42 వేలు. ఆ తర్వాతే కష్టం. ఒక కాలేజీ ఇంటర్వ్యూల "నీ బీటెక్ ఒకటి, పీహెచ్‌డీ ఇంకొకటి, మా డిపార్ట్‌మెంట్‌ల ఏం చెప్తవమ్మా" అన్నరు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పేపర్లు గూడ మా దాంట్ల జర్నల్స్ కన్న కాన్ఫరెన్సులకే విలువ, అది సెలక్షన్ కమిటీలల్ల చానామందికి అర్థం కాదు. ఇంకోటి చెప్తా తమ్మీ, కోడింగ్ ఒక్క ఏడాదిల వస్తది. మేం ఖిల్లాల కిందామీద పడ్డది కొలతల కాడ. రాయి ఏ కోణంల ఒరిగిందో, నేల ఎంత ఎగుడుదిగుడుగుందో మాకు ఎవరికీ తీసుడు రాలే. నీకొచ్చు గద.

బెజవాడ_గీతలు:
అది మెజర్డ్ డ్రాయింగ్ అక్కా, ఉన్న కట్టడాన్ని కొలిచి గీయడం, కాలేజీలో ఒక పాత కోవెలకి చేశాం, టేపూ తూకపు గుండూ పట్టుకుని పది రోజులు. అది పీహెచ్‌డీకి పనికొస్తుందని నాకు తట్టనే లేదు. మీకింకా కొలతలు కావాలంటే వచ్చి గీసిస్తా, శని ఆదివారాలు ఖాళీనే.

ఓరుగల్లు_పిల్ల:
దక్షిణం దిక్కు తోరణం ఇంక మిగిలే ఉంది. డిసెంబర్‌ల రా, టేపు పెద్దది తెచ్చుకో, మాది 15 మీటర్లదే.