కోత మిషన్ ట్రాక్ స్ప్రాకెట్లు ఏవి తీసుకోవాలి?

అన్నా, మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన. రబ్బరు ట్రాక్ వరి కోత మిషన్ ఉంది, ట్రాక్ మీద 450×90 అని ఉంది, అంటే వెడల్పు 450 మిల్లీమీటర్లు, పిచ్ (లోపలి ఇనుప ముక్కల మధ్య దూరం) 90. డ్రైవ్ స్ప్రాకెట్ (ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రం) పళ్లు ఒకవైపే అరిగి కొక్కేల్లా అయిపోయాయి, బురద చేలో రివర్స్ వేస్తే టకటకమని పళ్లు జారుతున్నాయి, ట్రాక్ టెన్షన్ బిగించినా అంతే. షాపతను పాత పళ్ల మీదే వెల్డింగ్ పోసి గ్రైండ్ చేస్తే చాలంటాడు, నాకైతే నమ్మకం లేదు, పిచ్ కొంచెం తేడా వచ్చినా ట్రాక్ లోపలి ఇనుప ముక్కల్ని తినేస్తుంది కదా. పళ్ల లెక్క, షాఫ్ట్ స్ప్లైన్ (చక్రం కూర్చునే ఇరుసు మీది గాడులు) సరిపోతే బయట దొరికేవి వేయొచ్చా, కంపెనీవే కావాలా? రెండు వైపులా ఒకేసారి మార్చాలా? ఎలాగూ విప్పుతాం కాబట్టి ఆయిల్ సీల్ కూడా మార్చేద్దామనుకుంటున్నా. కోతలు దగ్గరపడ్డాయి, వేసినోళ్లు చెప్పండి.