కంట్రోల్ లైన్ విమానం: తలకిందులైతే ఇంజిన్ నెమ్మదిస్తోంది, ట్యాంకా, ప్రొపెల్లరా?

నా కంట్రోల్ లైన్ స్టంట్ మోడల్‌కి (చేతిలో తీగలు పట్టుకుని చుట్టూ తిప్పుతూ విన్యాసాలు చేయించే చిన్న విమానం) పాత 35 సైజు (0.35 ఘనపు అంగుళాలు) ఇంజిన్ తీసేసి కొత్త 46 సైజు గ్లో ఇంజిన్ (గ్లో ప్లగ్‌తో నడిచేది) బిగించాను. లైన్లు, అంటే ఆ తీగలు, 60 అడుగులు. నేల మీద అయిదారు ట్యాంకుల ఇంధనంతో రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా పోయేలా) తిప్పి కొత్త ఇంజిన్‌ని అలవాటు చేశాక, నిన్న 11x5 (11 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల పిచ్) ప్రొపెల్లర్‌తో ఎగరేశాను.

మామూలుగా ఎగిరేటప్పుడు రౌండుకి 4.8 సెకన్లు. తలకిందులు చేయగానే గొంతు మారి, రిచ్‌గా, బద్ధకంగా 5.5 సెకన్లకు పడిపోతోంది. లైన్లు వదులవుతాయేమోనని ఒకటే టెన్షన్! నీడిల్ (ఇంధనాన్ని సర్దే స్క్రూ) కాస్త బిగిస్తే తలకిందులుగా బాగానే ఉంది, మామూలుగా ఎగిరేటప్పుడు మాత్రం లీన్ (ఇంధనం తక్కువ) అయిపోతోంది.

ట్యాంక్ స్ప్రేబార్ (ఇంజిన్‌లోకి ఇంధనం వదిలే గొట్టం) కంటే కిందికి ఉండటమే కారణమని నా అనుమానం. రెండు మిల్లీమీటర్లు పైకి జరిపి చూడనా? ప్రొపెల్లర్ కూడా ఇప్పుడే మార్చాలా, ట్యాంక్ సంగతి తేలేదాకా ఆగాలా? రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా. ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి.