ఓక్లహోమా డిస్పెన్సరీ: 280ఇ పన్ను పోగా లాభం మిగలాలంటే ధర ఎలా పెట్టాలి?

తుల్సాలో మాకు మెడికల్ మారిజువానా డిస్పెన్సరీ (వైద్యానికి వాడే గంజాయి అమ్మే షాపు) ఉంది, సీ-కార్పొరేషన్ (లాభం మీద కంపెనీయే పన్ను కట్టే రకం సంస్థ) కింద నడుస్తోంది. 2024 లెక్కల్లో అమ్మకాలు బాగానే ఉన్నా చేతికి దాదాపు ఏమీ మిగల్లేదు.

సరుకు పౌండు 900 డాలర్లకు కొంటున్నాం. అంటే 3.5 గ్రాముల ప్యాకెట్ మాకు సుమారు 7 డాలర్లు పడుతుంది. అమ్మేది 18కి (7 శాతం ఎక్సైజ్, సేల్స్ ట్యాక్స్ వేరు). అద్దె, జీతాలు ప్యాకెట్‌కి 8 పోతే 3 మిగలాలి. కానీ సెక్షన్ 280ఇ (ఫెడరల్ చట్టం నిషేధించిన మత్తుపదార్థాలు అమ్మే వ్యాపారాలకు మామూలు ఖర్చుల మినహాయింపు ఇవ్వని పన్ను నిబంధన) వల్ల 2024 ఫెడరల్ పన్నులో ఆ ఖర్చులు చూపించుకోవడానికి లేకపోయింది, సరుకు ఖర్చు ఒక్కటే తీసేయాల్సి వచ్చింది. కాబట్టి 18లో సరుకు 7 పోగా ఉన్న 11 మీద 21 శాతం, అంటే 2.31 కట్టాక మిగిలేది 69 సెంట్లు. మామూలు మందుల షాపుకైతే ఈ గొడవే లేదు!

ధర 15కి తగ్గించి చూశాం. అమ్మకాలు పెరిగి ప్యాకెట్‌కి అద్దె, జీతాల ఖర్చు 6.50కి దిగింది, అయినా పన్ను కట్టాక నష్టమే. 20 చేస్తే పాత కస్టమర్లు కూడా పక్క షాపుకి వెళ్లారు. స్టాక్ రూమ్ జీతాన్ని సరుకు ఖర్చులో కలుపుదామంటే, రిటైల్ షాపుకి కొన్న ధర, తెచ్చుకున్న రవాణా వరకేనని మా సీపీఏ (లెక్కలు చూసే అకౌంటెంట్) ఒప్పుకోలేదు.

ఇలాంటి షాపు నడిపేవాళ్లు 280ఇ పన్నును కలుపుకుని 3.5 గ్రాముల కనీస ధరను ఏ లెక్కతో తేల్చారు?