ఒకే గదిలో రెండు హాజరు పట్టీలు: కమ్యూనిటీ కాలేజీ సీఈ కోర్సులకు క్రెడిట్ ఇవ్వాలా?

ఉత్తర_డల్లాస్:
అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉంటున్నాము. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పెళ్లయి, చదువు మధ్యలో ఆపి, హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చాను, వచ్చి ఆరేళ్లయింది. ఈ వీసా మీద ఉద్యోగం చేయాలంటే ఈఏడీ, అంటే పని అనుమతి పత్రం ఉండాలి. భర్తకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చినవారికి 2015 మే నుంచి ఆ అవకాశం ఉంది కానీ మాకు ఆ ఆమోదం ఈ మధ్యనే వచ్చింది. చదువుకు మాత్రం అడ్డు లేదు. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారకుండానే ఎన్ని తరగతులైనా తీసుకోవచ్చు.

అందుకని గత స్ప్రింగ్ సెమిస్టర్‌లో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట జరిగే అకౌంటింగ్ పరిచయ తరగతిలో చేరాను. డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్ విభాగంలో చేరాలంటే టీఎస్ఐ అనే స్థాయి నిర్ధారణ పరీక్ష రాయాలనీ, ఇండియా మార్కుల జాబితాలను మూల్యాంకనం చేయించాలనీ చెప్పడంతో, ఆ పరీక్ష అవసరం లేని కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ విభాగం, అంటే ఇక్కడ అందరూ సీఈ అని పిలిచే విభాగం ద్వారా పేరు నమోదు చేసుకున్నాను. తరగతికి వెళ్లాక మొదటి రోజే ఒక విషయం చూశాను. అధ్యాపకుని చేతిలో రెండు హాజరు పట్టీలు ఉన్నాయి. మొదటి కాగితం మీద క్రెడిట్ విద్యార్థుల పేర్లు, దాని వెనక పిన్ను కొట్టిన చిన్న కాగితం మీద మా నలుగురి పేర్లు. అదే గది, అదే పుస్తకం, అదే 48 గంటలు. పరీక్షలు మేమూ రాశాము. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోక తల పట్టుకున్నప్పుడు నా పక్కన కూర్చున్న క్రెడిట్ విద్యార్థికి దాన్ని సరిచేసి చూపించింది నేనే. చివరికి ఆ అబ్బాయి ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే అధికారిక చదువు రికార్డు) మీద 3 క్రెడిట్లు, ఒక గ్రేడు చేరాయి. నాకు 4.8 సీఈయూ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లు) అని రాసిన ధ్రువపత్రం వచ్చింది. పది గంటల బోధనకు ఒక సీఈయూ అనేది లెక్క, కానీ ఆ సంఖ్య ఏ డిగ్రీలోకీ జమ కాదు.

ఒకే గదిలో ఒకే పని చేసినవారికి కాలేజీ ఒకే ఫలితం ఇవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

బాపట్ల_బీకాం:
మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇంకో సంగతి కూడా గుర్తు చేయాలి. ఇక్కడ ఇల్లు కొన్నవారు అక్టోబరులో వచ్చే ఆస్తి పన్ను కాగితం ఒకసారి తీసి చూడండి. కౌంటీ, నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్‌ల కింద కమ్యూనిటీ కాలేజీకి ఇంత అని విడిగా ఒక వరుస ఉంటుంది. హెచ్-1బి కుటుంబాలు ఆ పన్ను అందరితో సమానంగా కడుతున్నాయి. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్ హెచ్-4 వారికి రాదు. ఆ నియమం చట్టంలో ఉంది కాబట్టి కాలేజీని తప్పుపట్టలేము. కానీ పూర్తి చేసిన చదువును రికార్డులో రాయడం కాలేజీ చేతిలోని పని. ఆ ఒక్క పనీ చేయకపోతే దాన్ని అన్యాయమనే అంటాను.

నేను బీకాం చదివి వచ్చాను. సీపీఏ (ఇక్కడి లైసెన్సు పొందిన అకౌంటెంట్) పరీక్షకు అర్హత చూసేటప్పుడు క్రెడిట్ లేని గంటలు లెక్కలోకి రావని ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల రెండు సెమిస్టర్లు సీఈ తరగతులలో గడిపాను. నేర్చుకున్నది వృథా కాలేదు కానీ కాలం పోయింది. పిల్లను డేకేర్‌లో దించి, సాయంత్రం మావారు రాగానే కారు తాళాలు అందుకుని పరుగెత్తిన ఆ రెండు సెమిస్టర్లు నాకు తిరిగి రావు.

లెక్కల_మాస్టారు:
నేను ఈ రాష్ట్రంలోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా గణితం బోధిస్తున్నాను. మీ ఇద్దరి బాధా అర్థమైంది, అయినా సీఈ కోర్సులన్నిటికీ నేరుగా క్రెడిట్ ఇవ్వాలన్న వాదనతో ఏకీభవించలేను.

క్రెడిట్ అంటే తరగతిలో కూర్చున్న గంటలకు ఇచ్చే రసీదు కాదు. ఆ కోర్సును ఇంకో కాలేజీ, రేపు ఒక విశ్వవిద్యాలయం, ఎల్లుండి ఒక లైసెన్సింగ్ బోర్డు నమ్మాలి. ఆ నమ్మకం కోసమే గుర్తింపు సంస్థల నియమాలు ఉన్నాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల గుర్తింపు సంస్థ మార్గదర్శకాల ప్రకారం విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యే కోర్సు బోధించేవారికి మామూలుగా మాస్టర్స్ డిగ్రీ, ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్ గంటలు ఉండాలి. సీఈలో ఆ షరతు లేదు, ఉండకూడదు కూడా. వెల్డింగ్ నేర్పేవారికి ఇరవై ఏళ్ల పని అనుభవం చాలు, కేకుల మీద క్రీముతో పూలు వేయడం నేర్పేవారికి చేతివాటం చాలు. అంత వెసులుబాటు ఉండబట్టే సీఈ విభాగం కొత్త కోర్సును కొన్ని వారాలలో మొదలుపెట్టగలుగుతోంది. అన్నిటినీ క్రెడిట్ చట్రంలోకి తెస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఉత్తర_డల్లాస్ గారు చెప్పిన తరగతి మాత్రం వేరే రకం. టెక్సాస్‌లో వృత్తి విద్యా కోర్సులకు రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక ఉంది. అందులోని కోర్సును క్రెడిట్‌గానూ, సీఈగానూ నడపవచ్చు, అందుకే ఒకే గదిలో రెండు హాజరు పట్టీలు కనబడతాయి. ఇంకో మెలిక ఉంది, దీన్ని అందరూ గమనించాలి. ఏసీఎన్‌టీతో మొదలయ్యే అకౌంటింగ్ కోర్సు వృత్తి విద్య కిందకు వస్తుంది. ఏసీసీటీ 2301 అనేది విశ్వవిద్యాలయాలకు బదిలీ కోసం ఉద్దేశించినది. మీ పక్కన కూర్చున్న అబ్బాయికి వచ్చిన 3 క్రెడిట్లు కూడా నాలుగేళ్ల డిగ్రీలో అకౌంటింగ్ సబ్జెక్టు కింద జమ అవుతాయన్న భరోసా లేదు. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఏటా ఎంతమంది పొరబడుతున్నారో నేను కళ్లారా చూస్తున్నాను.

కృష్ణాతీరం:
మాస్టారు గారు నియమాల వైపు నుంచి చెప్పారు. నేను ఇంటి వైపు నుంచి చెబుతాను. సీఈకి క్రెడిట్ లేకపోవడమే మాలాంటివారికి రక్షణ అని నా నమ్మకం.

హెచ్-1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. మావారికి ఒక ఫిబ్రవరిలో లేఆఫ్ వచ్చింది. కొత్త ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో దొరికింది, మార్చి నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేశాము. అప్పుడు నేను రెండు తరగతులలో ఉన్నాను, ఒకటి క్రెడిట్, ఒకటి సీఈ. సీఈ తరగతి మానేస్తే ఎక్కడా గుర్తు పడలేదు. క్రెడిట్ తరగతికి మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ, అంటే మధ్యలో విరమించుకున్నట్టు గుర్తు పడింది. కొత్త కాలేజీలో చేరేటప్పుడు ఆ అక్షరానికి నేను సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పైగా 2007 ఫాల్ నుంచి టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలలో మొదటిసారి చేరినవారు డిగ్రీ చదువు మొత్తంలో ఆరు కోర్సులకు మించి మధ్యలో వదలకూడదన్న చట్టం ఉంది. ఒకే కోర్సును మూడోసారి తీసుకుంటే ఎక్కువ రుసుము అడగవచ్చు. మన వీసా బతుకుల అనిశ్చితిలో ఇన్ని లెక్కలు మోయడం కంటే, వచ్చినంత నేర్చుకుని గౌరవంగా బయటపడే దారి ఒకటి ఉండడం మంచిది కాదా?

లెక్కల_మాస్టారు:
కృష్ణాతీరం గారూ, మీ కుటుంబం పడిన ఇబ్బందికి విచారిస్తున్నాను. అయితే క్రెడిట్ వైపు భయం కొంత ఎక్కువైందేమోనని ఒక వివరం చేరుస్తున్నాను. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పన్నెండో తరగతి దినం అధికారిక లెక్కింపు దినం. ఆ రోజులోగా కోర్సు వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏ గుర్తూ ఉండదు, ఆరు కోర్సుల లెక్కలోకీ రాదు. రుసుములో మాత్రం తరగతులు మొదలయ్యేలోగా వదిలితే మొత్తం, మొదటి పదిహేను తరగతి దినాలలో 70 శాతం, పదహారు నుంచి ఇరవై వరకు 25 శాతం తిరిగి వస్తుంది. ఇంకొకటి: ఊరు మారుతూ అన్ని కోర్సులూ ఒకేసారి విరమించుకుంటే ఆ విరమణ ఆరు వదలింపుల పరిమితిలోకి రాదు. డబ్ల్యూ పడుతుంది, నిజమే. కానీ జీపీఏను, అంటే గ్రేడ్ల సగటును అది తగ్గించదు.

అత్తిలి_ఆడపడుచు:
నేను నర్స్ ఎయిడ్ (నర్సులకు సహాయకురాలు) శిక్షణ సీఈలోనే తీసుకున్నాను. టెక్సాస్ నియమం ప్రకారం 100 గంటలు, అందులో 40 గంటలు నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రోగుల దగ్గర. మంచం మీది మనిషిని నొప్పి కలగకుండా పక్కకు తిప్పడం, దుప్పటి మార్చడం చేతికి వచ్చేదాకా చేయించారు. తరువాత రాష్ట్ర పరీక్ష రాశాను. ఈఏడీ ఉంది కనుక పనిలో చేరాను. నన్ను ఇంటర్వ్యూ చేసినవారు క్రెడిట్ ఉందా అని అడగలేదు, నర్స్ ఎయిడ్‌ల రాష్ట్ర రిజిస్ట్రీలో పేరుందా అని చూశారు. పని కోసం చదివేవారికి ఈ వాదన అంతగా వర్తించదని చెప్పడానికే రాశాను.

ఉత్తర_డల్లాస్:
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నా మొదటి వాక్యాన్ని సవరించుకుంటున్నాను. కేకుల తరగతికీ, నూరు గంటల నర్స్ ఎయిడ్ శిక్షణకూ క్రెడిట్ అడగడం లేదు. కృష్ణాతీరం గారి మాట కూడా కాదనలేను, మా ఇంట్లోనూ ఆ భయం ఉంది.

కానీ నేను అడిగిన ప్రశ్నకు సమాధానం ఇంకా రాలేదు. రాష్ట్ర పట్టికలోని కోర్సే, ఒకే గదిలో, ఒకే అధ్యాపకుని దగ్గర, ఒకే పరీక్షలతో జరిగినప్పుడు మాస్టారు గారు చెప్పిన నమ్మకం సమస్య ఎక్కడ ఉంది? బోధించిన మనిషి అర్హతలు గదిలో కొందరికి ఒక రకంగా, మిగతావారికి ఇంకో రకంగా ఉండవు కదా. ఆయన నా పేపర్లు దిద్దారు. చివరి పరీక్షలో సర్దుబాటు పద్దుల ప్రశ్న దగ్గర ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి "చక్కగా చేశారు" అని ఇంగ్లీషులో రాశారు. ఆ పేపరు నా దగ్గర ఉంది. కాలేజీ దగ్గర మాత్రం నా మార్కు లేదు, ఎందుకంటే ఆ రెండో కాగితానికి గ్రేడు నమోదు చేసే గడి లేదు.

లెక్కల_మాస్టారు:
ఈ ఒక్క సందర్భంలో మీ వాదన న్యాయమైనదే. ఒప్పుకుంటున్నాను.

దీనికి దారులు లేకపోలేదు. చాలా కాలేజీలు ముందస్తు అభ్యాస మూల్యాంకనం పేరుతో సీఈలో పూర్తి చేసిన కోర్సును క్రెడిట్‌గా మార్చే ఏర్పాటు పెట్టుకున్నాయి. దీనికి ఒక హద్దు ఉంది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో కనీసం 25 శాతం ఆ కాలేజీలోనే బోధన ద్వారా సంపాదించాలి, అంటే 60 క్రెడిట్ల రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలో 15. మిగతా భాగంలో ఇలా మార్చుకున్న క్రెడిట్లకు చోటుంటుంది. అడగాలంటే చేతిలో కాగితాలు ఉండాలి: కోర్సు సిలబస్, సీఈయూ ధ్రువపత్రం, దిద్దిన పేపర్లు, అధ్యాపకుని లేఖ. సిలబస్ పారేసుకుని రెండేళ్ల తరువాత వచ్చేవారికి నేను సాయం చేయాలనుకున్నా చేయలేకపోయాను.

కాలేజీలకు కూడా ఇప్పుడు ఇందులో ప్రయోజనం ఉంది. 2023లో టెక్సాస్ శాసనసభ చేసిన హౌస్ బిల్ 8 ప్రకారం రాష్ట్ర నిధులు తరగతి గంటలను బట్టి కాకుండా, ఎంతమంది విలువైన ధ్రువపత్రాలు పొందారు, ఎంతమంది 15 క్రెడిట్లు పూర్తి చేసి విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యారు అన్న ఫలితాలను బట్టి ఎక్కువగా అందుతున్నాయి. ఒక సీఈ విద్యార్థిని క్రెడిట్ వైపు దాటించడం కాలేజీకి నష్టం కాదని విభాగాధిపతులకు గుర్తు చేయవచ్చు.

బాపట్ల_బీకాం:
మాస్టారూ, మీరు చెప్పిన దారి మంచిదే, కానీ భారమంతా విద్యార్థి మీదే పెట్టారు. సిలబస్ దాచుకోవాలని నాకు ఎవరు చెప్పారు? ఏసీఎన్‌టీకీ, ఏసీసీటీకీ తేడా ఉందని నమోదు చేసుకునే రోజున ఎవరు చెప్పారు? రుసుము కట్టే పేజీలోనే "ఈ కోర్సుకు క్రెడిట్ లేదు, కావాలంటే ఈ తేదీలోగా క్రెడిట్ విభాగానికి మారవచ్చు" అని ఒక్క వాక్యం పెడితే నా రెండు సెమిస్టర్లు మిగిలేవి. సీఈ విద్యార్థికి కూడా గ్రేడు నమోదు చేసి ఉంచడం కాలేజీ పని. దాన్ని వాడుకోవాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటుంది. కృష్ణాతీరం గారిలా వద్దనుకునేవారి రికార్డు మీద ఏమీ చూపించనవసరం లేదు.

కృష్ణాతీరం:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. విద్యార్థి అడిగితేనే ట్రాన్‌స్క్రిప్ట్ మీదకు రావాలి, అడగకుండా రాకూడదు.

ఉత్తర_డల్లాస్:
ఈ రోజు మధ్యాహ్నం మా అధ్యాపకునికి ఈమెయిల్ రాశాను, లేఖ ఇస్తానని గంటలోనే జవాబిచ్చారు. సిలబస్ ఉంది, నాలుగు దిద్దిన పేపర్లలో మూడు ఉన్నాయి. నాలుగోది మా అబ్బాయి పడవ చేసి నీళ్లలో వదిలాడు. సోమవారం విభాగాధిపతికి దరఖాస్తు ఇస్తాను. క్రెడిట్ విభాగంలో చేరితే తప్ప మార్పిడి కుదరదు కనుక ఫాల్‌కు దరఖాస్తు చేసి, టీఎస్ఐ పరీక్షకు తేదీ తీసుకున్నాను. ఈసారి ఏసీసీటీ 2301లోనే చేరుతున్నాను. ఏసీఎన్‌టీ కోర్సును సీఈ నుంచి క్రెడిట్‌కు మార్పించుకున్నవారు ఎవరైనా ఉంటే, దరఖాస్తులో విభాగం వారు ఏమేమి అడిగారో దయచేసి ఇక్కడ రాయండి, సోమవారానికి ముందే చూసుకుంటాను.