పొగ బీరుకు మార్కులు: మొదటి గుక్కకు వేయాలా, మూడో గ్లాసుకు వేయాలా?

పెగ్నిట్జ్ గట్టు:
నేను ఉద్యోగరీత్యా జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఉంటున్నాను. కిందటి నెల ఇక్కడికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని బాంబెర్గ్‌కు వెళ్లి, ష్లెంకెర్లా అనే పాత పానశాలలో రౌఖ్‌బీర్ తాగాను. రౌఖ్ అంటే జర్మన్‌లో పొగ. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్ట్‌ను, బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు కాబట్టి ఆ పొగ గింజకు పట్టి, అక్కడినుంచి బీరులోకి దిగుతుంది. ముదురు గోధుమరంగునూ పైనున్న మీగడరంగు నురగనూ చూసి, కాస్త తీపి తగులుతుందనుకుని గ్లాసు ఎత్తితే, గుప్పుమన్నది పొగబెట్టిన పంది మాంసం వాసన. మొదటి గుక్క మింగడమే కష్టమైంది. ఫోన్‌లో నేను మార్కులు రాసుకునే ఆప్‌లో 5కు 2 వేశాను. బల్లకు అటువైపు కూర్చున్న స్థానికుడు అది చూసి, మూడోది తాగాక రాయమన్నాడు. మూడో అరలీటరు సగమయ్యేసరికి నాకు 4.5 వేయాలనిపించింది. గ్లాసు మారినా బీరు మారలేదు కదా, మరి ఈ రెండు అంకెల్లో ఏది నిలబడుతుంది?

ఈతచెట్టు నీడ:
నిస్సందేహంగా మొదటిదే. సాంబ్రాణి వేసిన గదిలో పది నిమిషాలు కూర్చున్నవారికి ఆ వాసన తెలియదు, బయటినుంచి వచ్చినవారికే తెలుస్తుంది. మీ ముక్కు పొగకు అలవాటుపడిందే తప్ప బీరు మెరుగుపడలేదు. పైగా ఆ బీరులో మద్యం 5.1 శాతం, మూడు అరలీటర్లంటే సుమారు 60 గ్రాముల మద్యం ఒంట్లోకి పోయినట్లు. ఆ స్థితిలో మనిషికి పక్కవాడి పాట కూడా బాగున్నట్లే తోస్తుంది.

మాల్ట్ మేస్త్రి:
నీడ గారి లెక్క సరైనదే గాని, తీర్పుతో నేను ఏకీభవించను. ఇంట్లో బీరు కాచేవారి పోటీలలో వాడే బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతల సంస్థ) పత్రంలో మొత్తం 50 మార్కులుంటాయి: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే చిక్కదనానికి 5, మొత్తంమీద కలిగిన అభిప్రాయానికి 10. రౌఖ్‌బీర్‌కు అందులో ప్రత్యేక విభాగమే ఉంది. పిల్స్‌నర్ అనే లేతరంగు బీరులో ఇదే పొగ వస్తే దోషం, ఇక్కడ అది రాకపోతే దోషం. ఆవకాయ ఘాటుగా ఉందని మార్కులు కోసే న్యాయనిర్ణేతను ఎవరు ఒప్పుకుంటారు? క్లోరిన్ నీళ్లవల్ల పుట్టే ఆస్పత్రి వాసన వచ్చి ఉంటే మీ 2 కూడా ఎక్కువే అనేవాణ్ణి; మీకు వచ్చింది అది కాదు.

ఈతచెట్టు నీడ:
మేస్త్రి గారూ, పోటీ వేరు, ఆప్ వేరు. హైదరాబాద్‌లో ఆ సీసా కొనబోయేవాడు విభాగం చూసి కొనడు, తనకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఆ అంకె చూస్తాడు. ఆ మనిషి మూడు సీసాలు కొని ఓపిక పట్టాలా?

దాలి పాలు:
మా నాయనమ్మ పిడకల దాలిలో కుండపెట్టి పాలు కాచేది. సాయంత్రానికి పాలు ఎర్రబడి, మీగడ అట్టులా కట్టి, ఒక రకమైన పొగ వాసన వచ్చేవి. సెలవులకు వచ్చిన పట్నం పిల్లలు పాలు మాడాయని గ్లాసులు పక్కన పెట్టేవారు. మాడు వాసన వేరు, దాలి వాసన వేరు. ఈ రెంటినీ విడదీసి చెప్పలేనప్పుడు వేసిన అంకె పాల గురించి కాదు, తాగినవారి గురించి చెబుతుంది. పొగ తగలని బట్టీలు రాకముందు, ఎండలో ఆరబెట్టింది తప్ప మిగిలిన మాల్ట్‌కు ఎంతోకొంత పొగ పట్టేది, అంటే ఆనాటివారు నేటి మన బీరు తాగితే ఇందులో ఏదో తక్కువైందని అనుకునేవారేమో. పెగ్నిట్జ్ గారికి ఒక సలహా: అదే సంస్థ కాచే హెల్లెస్ అనే లేతరంగు బీరులో పొగబెట్టిన మాల్ట్ వేయరు, కానీ రౌఖ్‌బీర్ కాచే పాత్రల్లోనే దాన్నీ కాస్తారు కాబట్టి పొగ జాడ సన్నగా ఉంటుంది. ముందు అది ఒక్క గ్లాసు తాగి, నీళ్లు తాగి, తర్వాత రౌఖ్‌బీర్ ఒక్క గుక్క తీసుకోండి. అప్పుడు ముక్కు బెదరదు, మత్తూ ఎక్కదు.

పెగ్నిట్జ్ గట్టు:
శనివారం అలాగే చేశాను. ఈసారి మాంసం వాసన వచ్చింది గాని దాని వెనకనే రొట్టె పెచ్చులాంటి మాల్ట్ తీపి, చివర చిన్న చేదు స్పష్టంగా తెలిశాయి; మొదటి రోజు ఆ రెండూ నాకు అందనే లేదు. 3.5 వేసి, కింద "పొగ ఉంటుందని తెలిసి తాగండి" అని రాశాను. స్వెటర్‌కు పట్టిన వాసన మాత్రం ఇంకా పోలేదు.

ఈతచెట్టు నీడ:
2కూ 4.5కూ నడుమ పడే అంకె వేసి ఇద్దరినీ మెప్పించారు. కింద రాసిన ఆ వాక్యం పనికొస్తుంది, అంకె తీసేయండి.