క్రిస్మస్‌కి మిఠాయి నింపిన కుకీలు: మన తేమలో నిలబడేలా ఎలా చేస్తున్నారు?

కోటబురుజు (విజయనగరం)
ఈసారి క్రిస్మస్‌కి మా ఆడపడుచుల పిల్లలంతా మా ఇంటికే వస్తున్నారు. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు మా అత్తయ్య చూసుకుంటారు. పిల్లలు చేతులు పెట్టి చేసేది కూడా ఒకటి ఉంటే బాగుంటుందని రెండు రకాల కుకీలు అనుకున్నాను.

ఒకటి, నక్షత్రంలా కోసి మధ్యలో చిల్లు పెట్టి, అందులో పిప్పరమెంటు ముక్కలు వేసి కాల్చేది. మిఠాయి కరిగి గడ్డకడితే చర్చి కిటికీల్లోని రంగుటద్దంలా ఉంటుంది. రెండోది, మూడు బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి అతికించి, నడిమి బిస్కెట్ చిల్లులో జెమ్స్ దాచేది. విరిచినప్పుడు లోపలి రంగులన్నీ బయటకి రాలితే పిల్లల సంతోషం చూడాలి.

నా దగ్గర చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది. మా అమ్మావాళ్లు గుడ్డు తినరు కాబట్టి గుడ్డు లేకుండా కావాలి. అసలు సమస్య తేమ. పొద్దున్న మెరిసిపోయే అద్దం సాయంత్రానికి చేతికి అంటుకుంటోంది. 24 రాత్రి క్యారల్స్‌కి వచ్చేవాళ్లకి కూడా పెట్టాలి. చేసినవాళ్లు కాస్త చెప్పండి.

కళింగపట్నం_గాలి
మాది సముద్రం పక్క ఊరు, తేమ గురించి అడిగితే చాలా చెప్పగలను. పాకాన్ని 150 డిగ్రీల దాకా కాచి చల్లారిస్తే పిప్పరమెంటు అవుతుంది. అందులో నీరు దాదాపు మిగలదు కాబట్టి గాలిలో తేమ కనిపిస్తే లాగేసుకుంటుంది. ముందు పైన జిగురు వస్తుంది, తర్వాత మెరుపు పోతుంది. ఎంత బాగా కాల్చినా ఇది ఆగదు, గాలి తగలకుండా చూడటమే దారి.

నేను చేసేది ఇదీ. కుకీలు పూర్తిగా చల్లారగానే, ఇంకా ఆలస్యం చేయకుండా, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేస్తాను. వరసకీ వరసకీ మధ్య కాగితం వేస్తాను. అడుగున వేయించి చల్లార్చిన బియ్యం పల్చటి గుడ్డలో మూటకట్టి ఉంచుతాను. వేయిస్తే బియ్యంలో ఉన్న తేమ పోతుంది, అప్పుడే అవి డబ్బాలో తేమ పీల్చగలవు. మామూలు బియ్యం వేసి లాభం లేదు. ఇంకో మాట, పళ్లెంలో సర్ది హాల్లో పెట్టొద్దు. ఇవ్వాల్సినప్పుడే మూత తీయండి. డిసెంబరులో తుఫాను ముసురు పట్టిన రోజైతే అద్దం కుకీల పని పెట్టుకోకండి, రెండో రకం చేసుకోండి.

బొబ్బిలి_కోడలు
అక్కా, గుడ్డు గురించి టెన్షన్ పడకండి, ఈ పిండికి అది అక్కర్లేదు. పంచదార పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300. ఈ లెక్క గుర్తుంటే చాలు. ప్యాకెట్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేయకండి. వెన్న, పంచదార బాగా గిలకొట్టి, మైదా కలిపి, ముద్ద కాకపోతే ఒక చెంచా చల్లటి పాలు. చపాతీ పిండిలా పిసకొద్దు, పిసికితే సాగుతుంది, కాల్చాక గట్టిపడుతుంది.

పావు అంగుళం మందం ఉండాలి. అంతకన్నా పల్చగా ఒత్తితే కరిగిన మిఠాయి పొంగి అంచు దాటుతుంది. కోసిన ముక్కల్ని ట్రేతో సహా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే నక్షత్రం కోణాలు చక్కగా నిలబడతాయి. అచ్చులు లేకపోతే గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, సీసా మూతతో మధ్యలో చిల్లు పెట్టుకోండి. మా ఇంట్లో కజ్జికాయలు కోసే చక్రంతో అంచులు దిద్దుతారు, చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయో.

రాజాం_టీచరమ్మ
మిఠాయి ఎంపిక సగం పని. లోపల పులుపు పొడో, చాక్లెట్టో ఉన్నవి వద్దు, కరిగితే మురికి రంగు వస్తుంది. పాలు కలిసిన టాఫీలు కూడా అద్దంలా అవ్వవు. పారదర్శకంగా, ఒకే రంగులో ఉండే గట్టి బిళ్లలు కావాలి. నాకు అన్నిటికన్నా నచ్చినవి మన కిరాణా కొట్టు సీసాల్లో దొరికే నిమ్మతొనలు. పైన పంచదార పలుకులు దులిపేసి వాడితే నారింజ, పసుపు రంగులు బ్రహ్మాండంగా వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ బిళ్లలు విడివిడిగా కొట్టండి. కలిసిపోతే రంగు చెడుతుంది.

మరీ పొడి చేయకండి, పెసరగింజంత ముక్కలు చాలు. పొడైతే త్వరగా మాడి చేదెక్కుతుంది. 170 డిగ్రీల్లో ముందు ఖాళీ చిల్లులతోనే ఎనిమిది నిమిషాలు కాల్చాలి. అప్పుడు బయటకి తీసి ముక్కలు నింపి, మళ్లీ మూడు నాలుగు నిమిషాలు. ఓటీజీ అద్దం దగ్గర నుంచి కదలకండి. ముక్కలన్నీ కరిగి బుడగలు వస్తుండగానే తీసేయాలి. బుడగలు బయట వాటంతటవే అణుగుతాయి.

పిల్లల సంగతి. పిప్పరమెంట్లు జిప్ కవర్లో వేసి అప్పడాల కర్రతో కొట్టడం, రంగులు వేరు చేయడం, పిండి కోయడం గుంటలకి వదిలేయండి. రెండోసారి నింపడం, ఓవెన్ నుంచి తీయడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి. కరిగిన పంచదార మరిగే నీటికన్నా ఎంతో వేడి, పైగా చర్మానికి అతుక్కుంటుంది. ట్రే చల్లారేదాకా ఎవరూ వేలు పెట్టకుండా చూసే పని ఇంట్లో పెద్ద పిల్లకి అప్పగించండి, ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా చేస్తుంది.

కోటబురుజు (విజయనగరం)
ఓలమ్మో, ఇంత వివరంగా చెప్పారు, చాలా సంతోషం టీచరమ్మగారూ. ఒక సందేహం. అద్దం అడుగు కాగితానికి అతుక్కుపోయి, తీస్తుంటే కాగితం ముక్కలు దానికే ఉండిపోతున్నాయి. బటర్ పేపర్ అనే అడిగి కొన్నాను.

బొబ్బిలి_కోడలు
అక్కా, కొట్లో బటర్ పేపర్ అని రెండు రకాలు ఇస్తారు. వెన్న, స్వీట్లు చుట్టే పల్చటిది దీనికి పనికిరాదు. బేకింగ్ పేపర్ అని, సిలికాన్ పూత ఉన్నది అడగండి. అది దొరక్కపోతే సిలికాన్ మ్యాట్. దేని మీదైనా వేడిగా ఉండగా పీకొద్దు. గడ్డకట్టి పూర్తిగా చల్లారాక కాగితాన్నే కిందికి వంచి తీస్తే కుకీ దానంతటదే వస్తుంది.

పలాస_జీడితోట
పలాస వాణ్ని కాబట్టి జీడిపప్పు మాట చెప్పకుండా ఉండలేను. 300 గ్రాముల మైదాలో 50 తీసేసి జీడిపప్పు పొడి వేసి చూడండి. నోట్లో వేస్తే కరిగిపోతుంది, పళ్లు సరిగ్గా లేని పెద్దవాళ్లు కూడా హాయిగా తింటారు. గుండ్లు కొనక్కర్లేదు, బద్దలు కూడా వద్దు, ముక్కలు చవగ్గా వస్తాయి, ఎలాగూ పొడే చేస్తాం. ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా వైపే తీరం దాటి జీడి తోటల్ని పడగొట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో పప్పు ముక్క కూడా పారేయం.

ఇంకోటి. మిఠాయి అంటే పిప్పరమెంటే ఎందుకు కావాలి? పైడితల్లమ్మ జాతరలో, అరసవల్లి రథసప్తమిలో కొనుక్కునే నువ్వు జీళ్లు ఉన్నాయి కదా. బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి తెల్లబడేదాకా లాగి చేస్తారే, అవి. మూడు బిస్కెట్ల రకంలో మధ్య చిల్లులో ఒక జీడి ముక్క పెట్టి, పైన మూత బిస్కెట్ వేసి, రెండు నిమిషాలు ఓవెన్‌లో పెట్టాను. జీడి మెత్తబడి మూడింటినీ పట్టేసింది. గోరువెచ్చగా విరిస్తే నువ్వుల వాసనతో తీగలా సాగుతుంది. మా నాయనమ్మ ఇంకొకటి పెట్టమని అడిగి తిన్నారు. కాకపోతే బెల్లం పంచదార కన్నా త్వరగా తేమ లాగుతుంది. చేసిన పూటే తినేయాలి, డబ్బాల్లో పంచడానికి కుదరదు.

నాగావళి_ఒడ్డు
ఓవెన్ లేని మాలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను. మందపాటి పాత గిన్నెలో రెండు అంగుళాలు ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడిచేయండి. తర్వాత మంట తగ్గించి, కుకీలున్న పళ్లెం లోపల పెట్టండి. పై నుంచి వేడి తక్కువ కాబట్టి కుకీ పైన ఎర్రబడదు, తెల్లగానే ఉంటుంది. అడుగు చూసి తీయాలి. మిఠాయి మాత్రం చక్కగా కరుగుతుంది. రోజూ వాడే కుక్కర్ దీనికి వాడొద్దు, నీళ్లు లేకుండా కాగితే పాడవుతుంది.

మా చిన్నప్పుడు శ్రీకాకుళంలో క్రిస్మస్ ముందు బిస్కెట్ల పిండి కలిపి, ట్రేల్లో సర్ది, వీధి చివర బేకరీకి తీసుకెళ్లి కాల్పించుకునేవాళ్లం. ఎవరి ట్రే ఏదో తెలియడానికి మా పిన్ని మూలన ఒక లవంగం గుచ్చేది. ఇప్పటికీ కొన్ని బేకరీల్లో అడిగితే కాలుస్తారు. అద్దం కుకీలు మాత్రం అక్కడికి పంపకండి, రెండోసారి మిఠాయి నింపే తీరిక వాళ్లకి ఉండదు.

కోటబురుజు (విజయనగరం)
జీళ్ల సంగతి విని అత్తయ్య చాలా సంబరపడ్డారు, 25 మధ్యాహ్నం అవే చేద్దామన్నారు. ఇక జెమ్స్ రకం. ఐసింగ్‌తో అతికిస్తే జెమ్స్ రంగు కారి బిస్కెట్‌కి అంటుకుంటోంది. ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టమని మా ఆడపడుచు అంటోంది.

కళింగపట్నం_గాలి
ఫ్రిజ్ వద్దు. బయటకి తీయగానే చల్లటి కుకీ మీద నీటి చెమ్మ చేరుతుంది, రంగు ఇంకా కారుతుంది. ఐసింగ్‌లో నీరుంది, అసలు కారణం అదే. దాని బదులు కరిగించిన చాక్లెట్‌తో అతికించండి. నీరు లేదు కాబట్టి రంగు కదలదు, మన డిసెంబరు చల్లదనానికి కాసేపటికి గట్టిపడుతుంది. బిస్కెట్లు పూర్తిగా చల్లారాకే నింపాలి, వెచ్చగా ఉంటే జెమ్స్ పెంకు పగులుతుంది.

రాజాం_టీచరమ్మ
నాలుగేళ్ల లోపు పిల్లలుంటే వాళ్ల కుకీల్లో జెమ్స్ వద్దమ్మా, గొంతుకి అడ్డం పడే ప్రమాదం. గట్టి పిప్పరమెంటు అద్దం కూడా వద్దు. వాళ్లకి లోపల కొబ్బరి కోరు, పంచదార కలిపి పెట్టండి. పైన ఏదో ఒక గుర్తు పెడితే పెద్ద పిల్లల వాటితో కలిసిపోవు.

కోటబురుజు (విజయనగరం)
మా చిన్న ఆడపడుచు బాబుకి రెండేళ్లే. వాడి కుకీల మీద గుర్తుగా కొబ్బరి కోరుతోనే చిన్న చుక్క పెడతాను. బిస్కెట్లు 23న కాల్చి డబ్బాకెత్తేసి, అద్దం కుకీలు 24 మధ్యాహ్నం చేసి, క్యారల్స్ వాళ్లు గుమ్మంలోకి వచ్చాకే మూత తీస్తాం. బేకింగ్ పేపర్ విజయనగరంలో ఏ వైపు కొట్లలో దొరుకుతుందో తెలిస్తే చెప్పండి, రేపు బజారుకి వెళ్తున్నాం.